చెరుకు మోళ్ళ మైదానం

ఆటస్థలం లేని కాలేజీలో నేను పధ్నాలుగేళ్ళు ఆటల టీచర్‌గా పనిచేశాను. విజయవాడ చుట్టుపక్కల ఇలాంటి ఉద్యోగం చేసింది నేనొక్కదాన్నే కాదు కాబట్టి ఇదేమీ వింతగా చెప్పడం లేదు. చేరిన కొత్తలో హాస్టల్ వెనక కాస్త జాగా ఉండేది. మూడో ఏడు అక్కడ రేకుల షెడ్డు లేచింది. ఆ షెడ్డు తీసేసి మూడంతస్తుల బిల్డింగ్ కట్టారు. ఆ తర్వాత నా పనల్లా స్టడీ అవర్లో కునికే పిల్లల్ని తట్టి లేపడం. మెడలో విజిల్ మాత్రం ఉండేది. ఐడీ కార్డు తాడుకే కట్టుకున్నాను దాన్ని.

యూనివర్సిటీ రోజుల్లో నేను ఫుట్‌బాల్ ఆడాను. ఎడమ వైపు నుంచి బాగా ఉరికేదాన్నని పేరుండేది. మోకాలు దెబ్బతిని మానేశాను. అప్పట్లో నాతో ఆడిన స్నేహితురాలు ఒక వేసవి మధ్యాహ్నం ఫోన్ చేసింది. రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఫుట్‌బాల్ లీగ్ పెడుతున్నారట. ఎనిమిది ఊళ్ళు, ఎనిమిది జట్లు. షరతు ఒకటే, ఆడేవాళ్ళకి నెలనెలా జీతం ఇవ్వాలి. గెలిచినప్పుడు చేతిలో పెట్టే కవరు, శాలువా కాదు. జీతం.

“విజయవాడ నించి ఎవరూ ముందుకి రాలేదే. నువ్వు పెట్టు జట్టు,” అంది.

“జట్టు పెట్టడమంటే ఇడ్లీ బండి పెట్టడమనుకున్నావా?”

“ఇడ్లీ బండికైతే చట్నీ బాగుండాలి. దీనికి అదీ అక్కర్లేదు.”

నవ్వి ఫోన్ పెట్టేశాను గానీ ఆ సాయంత్రం స్టడీ అవర్లో కూర్చుంటే ఊపిరాడలేదు. ఎదురుగా రెండొందల మంది ఆడపిల్లలు తలలు వంచుకుని ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ ఏడాది పరిగెత్తగా నేను చూడలేదు. మర్నాటినుంచి స్కూటరేసుకుని డబ్బు పెట్టేవాళ్ళ కోసం తిరగడం మొదలుపెట్టాను.

బట్టల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన మజ్జిగ ఇప్పించి, “కబడ్డీ అయితే చూద్దాం మేడమ్. క్రికెట్ అయితే ఇప్పుడే చూద్దాం,” అన్నారు. ఒక బిల్డర్‌గారు జెర్సీలు విడుదల చెయ్యడానికి సినిమావాళ్ళెవరైనా వస్తారా అని అడిగారు. మూడో ఆయన నా మాట పూర్తిగా విననేలేదు. “ఆడపిల్లలు నిక్కర్లేసుకుని పరిగెడుతుంటే మా షాపు పేరు వాళ్ళ వీపుల మీద ఉండాలా?” అన్నారు.

“వద్దులెండి. మా పిల్లలు మీ పేరు మోస్తూ పరిగెత్తలేరు,” అని లేచి వచ్చేశాను. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం అదే మొదలు నాకు.

చివరికి దొరికింది హనుమాన్ జంక్షన్‌లో. లారీ ఆఫీసు నడిపే ఒకావిడ ఉన్నారని నా స్కూటర్ మెకానిక్ చెప్పాడు. భర్తకి పక్షవాతం వస్తే ఆ కుర్చీలో తను కూర్చుని, రెండు లారీల్ని పన్నెండు చేశారట. వెళ్ళేసరికి ఎవరో డ్రైవర్ని ఫోన్లో కేకలేస్తున్నారు. ఫోన్ పెట్టి నేను చెప్పిందంతా విన్నారు. ఫుట్‌బాల్ అంటే తెలియదన్నారు. ఎంతమంది ఆడతారో కూడా అడగలేదు.

“ఓడిపోతే మానేస్తారా?” అన్నారు.

“మానమండీ.”

“ఎన్నిసార్లు ఓడిపోతే మానేస్తారు?”

“లెక్కపెట్టుకోలేదండీ,” అన్నాను.

“అయితే సరే. ఒక్క మాట. ఆడిన రోజుకింత, గెలిచిన రోజుకింత అని చెయ్యొద్దు. లోడు దొరకని నెల కూడా మా డ్రైవర్లకి జీతం ఉంటది. ఆ పిల్లలకీ అట్టాగే ఉండాలి.”

ఆవిడ్ని ఆనాటి నుంచి మేమంతా లారీల మేడమ్ అనే పిలుస్తున్నాం.

బస్టాండ్లో, కాలేజీల గోడల మీద, చర్చిల నోటీసు బోర్డుల మీద కాగితాలు అంటించాం. ముప్ఫై మందికి పైగా వచ్చారు. సగం మంది కబడ్డీ ఆడినవాళ్ళు, మరికొందరు ఖోఖో. ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు నలుగురే. గోల్ కీపర్ ఎవరూ లేరు. పొడుగ్గా, బక్కగా ఉన్న ఒక అమ్మాయి వెనక నుంచి చెయ్యెత్తింది. బీసెంట్ రోడ్డు వైపు చీరల షాపులో సేల్స్ గర్ల్ అట.

“పై అంతస్తులోంచి చీరల కట్టలు విసురుతారండీ. కింద నేనే పట్టుకుంటా. మూడేళ్ళలో ఒక్కటి కూడా కింద పడెయ్యలేదు,” అంది.

బంతి విసిరి చూశాను. పట్టుకుంది. గట్టిగా తన్ని చూశాను. చేతులు ఎర్రబడ్డాయి గానీ వదల్లేదు. ఆమెని గోల్లో నిలబెట్టాను.

ఇంకొక అమ్మాయి ఉయ్యూరు అవతలి ఊరు నుంచి వచ్చింది. అమ్మానాన్నా చెరుకు నరికే కూలీలు. ఆమె కూడా సీజన్లో మోపులు మోసేది. ఆ మెడకి తలతో బంతి కొట్టడం నేను నేర్పాల్సిన పని లేకపోయింది. పెద్దగా మాట్లాడేది కాదు. అయినా రెండు వారాలు తిరిగేసరికి తక్కినవాళ్ళు ఏం చెయ్యాలో తెలియనప్పుడల్లా ఆమె వైపు చూడడం గమనించి కెప్టెన్‌ని చేశాను.

పదిహేడు మందిని ఎంచుకుని విజయవాడలో ఒక పాత మైదానంలో ప్రాక్టీసు మొదలుపెట్టాం. పొద్దున్నే అక్కడ వాకింగ్ చేసే పెద్దలకి ఒక సంఘం ఉంది. మొదటి వారం నిలబడి చూశారు. రెండో వారం బంతి వాళ్ళ దారిలోకి వస్తోందన్నారు. మూడో వారం సంఘం ప్రెసిడెంటుగారు, రిటైరైన పెద్ద ఆఫీసరు, నన్ను పక్కకి పిలిచారు.

“మీరు కాస్త పొద్దెక్కాక రండమ్మా. ఇక్కడ ఫ్యామిలీస్ వస్తుంటాయి.”

“ఈ పిల్లలకీ ఫ్యామిలీస్ ఉన్నాయండీ,” అన్నాను.

పొద్దెక్కాక అక్కడ క్రికెట్ కోచింగ్. సాయంత్రం మళ్ళీ అదే. నెల తిరక్కుండానే ఒక ఉదయం మేం వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. లోపల పెద్దలు నడుస్తూనే ఉన్నారు. వాళ్ళకి వేరే తలుపు ఉందట. తాళం వైపు చూస్తూ పద్దెనిమిది మందిమి నిలబడ్డాం. గోల్ కీపర్ గోడెక్కుదామంది. కెప్టెన్ గోడని ఎగాదిగా చూసి, “దొంగల్లాగా లోపలికెళ్ళి ఆడితే ఏం బాగుంటది మేడమ్. మా ఊరు పోదాం పదండి,” అంది.

వాళ్ళ ఊళ్ళో ఒక రైతు చెరుకు కొట్టేశాక ఆ ఏడాది చేను ఖాళీగా వదిలేద్దామనుకుంటున్నారు. చేనంతా మోళ్ళు. చెరుకు నరికాక నేలలో మిగిలే ఆ మొదళ్ళు బల్లేల్లా ఉంటాయి, వేళ్ళు ఎంత లోతుకి దిగి ఉంటాయో తవ్వితే గానీ తెలియదు. “మోళ్ళు మీరే పీక్కుంటానంటే మళ్ళీ తోట వేసేదాకా ఆడుకోండమ్మా,” అన్నారాయన. మేమెలాగూ పీకలేమని ఆయన నమ్మకం అనుకుంటాను.

పదహారు రోజులు పట్టింది. లారీల మేడమ్ ఒక చిన్న లారీ పంపేవారు. సిటీ పిల్లలు దాన్లో నిలబడి బందరు రోడ్డు వెంబడి వచ్చేవాళ్ళు. గడ్డపలుగులూ పారలూ ఊళ్ళోవాళ్ళే ఇచ్చారు. నర్సింగ్ చదువుతున్న ఒకమ్మాయి మొదటి రోజే అరచేతులు బొబ్బలెక్కి ఏడ్చింది. మర్నాడు చేతులకి గుడ్డలు చుట్టుకుని వచ్చింది. కెప్టెన్ వాళ్ళ నాన్న చేనిగట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, నా చేతిలో పలుగు తీసుకుని, “ఇట్టా కాదమ్మా, పక్కన గుచ్చి ఎత్తాల,” అని చూపించారు. పదిహేడో రోజు ట్రాక్టరుతో చదును చేయించి, వెదురు బొంగులు పాతి గోల్స్ కట్టాం. ఆ నల్లమట్టి మీద మొదటిసారి బంతి పెట్టినప్పుడు ఎవరం చప్పట్లు కొట్టలేదు. ఎవరి చేతులూ కొట్టే స్థితిలో లేవు.

వానలతో పాటే లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్ తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిపోయాం. పేపర్లో చిన్న ఫోటో వేశారు. రెండు రోజుల తర్వాత మా ప్రిన్సిపాల్ పిలిచారు.

“తొమ్మిది గోల్సట. మన కాలేజీ పేరు ఎక్కడా రాలేదు కదా?”

“రాలేదు సార్.”

“మంచిదైంది. ఇక ఉద్యోగమో ఫుట్‌బాలో తేల్చుకోండి మేడమ్.”

నేను తేల్చుకోవడానికి వారం అడుగుతాననే అనుకుని ఉంటారాయన. నిజానికి నేనూ అదే అడుగుదామని నోరు తెరిచాను. కానీ చెయ్యి ముందే ఐడీ కార్డు తాడు మీదికి వెళ్ళింది. విజిల్ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. విజిల్ నేను తీసుకుని కార్డు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన బస్సు డిపోలో గుమాస్తా. దొండకాయలు తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపారు.

“ఇప్పుడు నన్ను అడుగుతున్నావా, చెబుతున్నావా?”

“చెబుతున్నా.”

“అట్టాగైతే సరే. దొండకాయ వేపుడు చెయ్యనా, పప్పులో వెయ్యనా?” అన్నారు.

ఆ మాటకి అక్కడే కూలబడి ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు.

మొదటి సీజన్లో ఏడు మ్యాచులూ ఓడిపోయాం. ఒక మ్యాచ్‌లో మా గోల్ కీపర్ బంతి పట్టుకుని, మా వాళ్ళకి విసరబోతే తడి చేతుల్లోంచి జారి వెనక్కి, మా గోల్లోనే పడింది. ఎవరో వీడియో తీశారు. దాని కింద నవ్వు పాట ఒకటి తగిలించి ఊరంతా పంచుకున్నారు. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. ఆమె పాత షాపులో అమ్మాయిలు కూడా పంపారట. ఆ రాత్రంతా ఆ పిల్ల ఏం చేసుకుంటుందోనని నా భయం. పొద్దున ఫోన్ తీసి చూస్తే అదే వీడియో ఆమె స్టేటస్‌లో ఉంది.

“ఇదేంటే?” అని అడిగాను.

“వాళ్ళు పెడితే వెక్కిరింపు మేడమ్. నేనే పెట్టుకుంటే ఇంకేం పెడతారు?” అంది.

సీజన్ అయ్యాక లీగ్ నడిపేవాళ్ళు అన్ని జట్లనీ ఒక హోటల్ హాల్లో సమావేశపరిచారు. కాఫీలయ్యాక ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా, “విజయవాడ జట్టు ఈ ఏడాది విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో. బలం పుంజుకుని రావచ్చు,” అన్నారు. అందరూ బల్లల వైపు చూశారు. నాకన్నా ముందు లారీల మేడమ్ లేచారు. ఆవిడ అప్పటిదాకా మా మ్యాచ్ ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. సగంలో ఫోన్లు వస్తుంటాయి.

“నాకు ఆట సంగతి తెలవదండీ,” అన్నారు. “మా లారీ ఒకటి పోయినేడు ఏలూరు దగ్గర బోల్తా పడింది. మర్నాడు లేపి బాగు చేయించాం. ఇప్పుడు తిరుగుతా ఉంది. దాన్ని విశ్రాంతి తీసుకోమని ఎవరూ అన్లేదు. మా పిల్లలు తొమ్మిది గోల్స్ తిన్నారు. తిన్నది మేమే కదా, మీకేం అరగట్లేదు?”

వెనక కుర్చీల్లోంచి నవ్వులు వినిపించాయి. ఆ పెద్దమనిషి కూడా నవ్వక తప్పలేదు. విశ్రాంతి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రెండో ఏడు ఆ రైతు చెరుకు వేసుకున్నారు. మేం పక్క చేనికి మారి అక్కడా మోళ్ళు పీకాం. ఈసారి పదకొండు రోజుల్లో అయిపోయింది. ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక్కో కాలికి శేరు మట్టి పట్టుకుంటుంది. బంతి దొర్లదు. కింద నుంచి ఇచ్చే పాసులు నాలుగడుగులు పోయి ఆగిపోయేవి. బంతిని గాల్లో లేపి ఆడటం తప్ప దారి లేదు. అలాగే ఆడించాను.

అయినా మొదటి మూడు మ్యాచులూ ఓడిపోయాం. మూడింట్లోనూ మా గోల్ కీపర్ చేతుల్లోంచి కనీసం ఒక బంతి జారింది. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలి. నాలుగో మ్యాచ్ విజయవాడలో. ఎదుటిది లీగ్‌లో అందరికన్నా బలమైన జట్టు, పచ్చిక మీద ప్రాక్టీసు చేసేవాళ్ళు. నాకు భయమేసింది. ఇంకొక అమ్మాయిని గోల్లో పెడదామనుకుని, ఆటగత్తెల జాబితాలో ఆమె పేరు పక్కన ‘గాయం’ అని రాశాను. ఆమె మనసు కష్టపెట్టకుండా చేస్తున్నాననే అనుకున్నాను. కాగితం ఇంకా నా చేతిలోనే ఉండగా వెనక నుంచి చూసింది.

“నాకేం గాయం అయింది మేడమ్?”

“ఈ ఒక్క మ్యాచ్‌కేనమ్మా. కాస్త నెమ్మదిస్తావని...”

“నన్ను తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి. బాగా ఆడట్లేదని రాయండి. పడతాను. దెబ్బ తగిలిందని రాయొద్దు. నాకేం తగల్లేదు.” నా కళ్ళలోంచి చూపు తిప్పలేదు. “ఆట మొదలెట్టాక షాపులో నన్ను మానిపించాలనుకున్నప్పుడు కూడా ఒంట్లో బాగోలేదంట కదా, రెస్ట్ తీసుకో అన్నారు. మీరూ అదే రాశారు.”

హోటల్ హాల్లో పెద్దమనిషి అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేనూ ఆయనలాగే, అంత మర్యాదగానూ చేశాను. కాగితం చింపేశాను. కొత్తది ముందు పెట్టుకున్నాను. కెప్టెన్ తీసుకుని రాసింది. మొదటి పేరు గోల్ కీపర్‌దే రాసింది.

ఆట మొదలైన పావుగంటకి కృష్ణ వైపు నుంచి వాన దిగింది. అరగంటలో మైదానం మా చేనులా తయారైంది. అవతలి జట్టు చక్కగా అల్లుకుని వచ్చేది, పాసు ఇచ్చేది, బంతి నీళ్ళలో ఆగిపోయేది. వాళ్ళు రిఫరీ వైపు చూసేవాళ్ళు. మా పిల్లలకి మాత్రం అది ఇంటికొచ్చినట్టుగా ఉంది. అయినా దెబ్బలు తక్కువేం కాదు. రెండో సగంలో మా గోల్ మీదికి వరసగా వచ్చాయి బంతులు. ఒకటి మా గోల్ కీపర్ ఎడమకి దూకి తోసింది. ఒకటి ముఖానికి తగిలింది. ముక్కు నుంచి రక్తం కారుతుంటే జెర్సీతో తుడుచుకుని నిలబడింది. ఇంక పది నిమిషాలుందనగా కార్నర్ దొరికింది మాకు. ఎత్తుగా వచ్చిన బంతిని కెప్టెన్ ఇద్దరి భుజాల మధ్య నుంచి లేచి తలతో కొట్టింది. వల లోపల నీళ్ళలో బంతి పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఒకటి సున్నా. విజిల్ ఊదాక పిల్లలు బురదలో ఒకరి మీద ఒకరు పడి లేవలేదు. లారీల మేడమ్ గొడుగు వదిలేసి తడుస్తూ నిలబడి ఉన్నారు. ఆ మ్యాచ్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా చూశారు. “గెలిచామా?” అని నన్నడిగారు. “గెలిచామండీ,” అన్నాను. “సరే మరి, పిల్లలకి తువ్వాళ్ళు తెప్పించండి,” అని ఫోన్ తీసి ఎవర్నో కేకలేశారు.

ఆ ఏడు చివరి నుంచి రెండోవాళ్ళం. మూడో ఏడు పై నుంచి నాలుగోవాళ్ళం. ఆ మధ్యలోనే విశాఖపట్నం జట్టువాళ్ళు మా కెప్టెన్‌కి ఎక్కువ జీతం ఇస్తామన్నారు. ఆ పిల్లే వచ్చి ఆ సంగతి నాతో చెప్పింది. నాకు కోపం వచ్చింది. మోళ్ళు పీకిన చేతులు, మేం చేసిన కెప్టెన్. ఏవేవో అనబోయాను. అంతలో ఆమే అంది, “జీతం కోసం ఆడేదే కదా మేడమ్ మన లీగు. మీరేగా చెప్పారు.”

నేనే చెప్పాను. ఆ పిల్లల అమ్మానాన్నల ఇళ్ళకెళ్ళి, మంచాల మీద కూర్చుని, ఇది సరదా కాదండీ ఉద్యోగం అని ఇంటింటికీ చెప్పింది నేనే. ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్ళే హక్కు ఉద్యోగంలో ఉంటుంది. “వెళ్ళు. బాగా ఆడు. మా మీద కూడా,” అన్నాను. ఆ చివరి మాట మాత్రం కాస్త గట్టిగానే వచ్చింది.

మొన్న వాళ్ళు విజయవాడ వచ్చారు మా మీద ఆడటానికి. మేం మోళ్ళు పీకిన ఆ పిల్ల ఊరి నుంచి ట్రాక్టర్ ట్రక్కులో జనం వచ్చారు. ఎవరి తరఫున అరవాలో వాళ్ళకీ తెలియలేదు. ఆట సగం దాటాక కార్నర్ నుంచి బంతి లేచింది. మా పాత కెప్టెన్ మెడ అలాగే లేచింది. మా గోల్ కీపర్ వేళ్ళు తగిలినా బంతి ఆగలేదు.

గోల్ కొట్టిన పిల్ల ఎగరలేదు. చేతులు రెండూ దగ్గరికి చేర్చి, తల వంచుకుని, తప్పు చేసిన దానిలా వెనక్కి నడుస్తోంది. అప్పుడు మా గోల్ కీపర్ వలలోంచి బంతి తీసి నేలకేసి కొట్టి, అందరికీ వినపడేలా అరిచింది.

“ఏంటే, గోల్ కొట్టి తలొంచుకుంటావ్? నన్ను దాటిచ్చి కొట్టావు, అదేమన్నా తేలికా? ఎగురు!”

ఆ పిల్ల ఆగి వెనక్కి చూసింది. ఒక్క క్షణం ముఖం ఏడుపులోకి పోబోయి నవ్వులోకి తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి ఎగిరింది. ట్రక్కు మీద జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. మా గోల్ కీపర్ బంతిని మధ్య గీత దాకా తన్ని, మా పిల్లల వైపు తిరిగి, “చూస్తా నిలబడ్డారేం? ఇంకా ఇరవై నిమిషాలుంది,” అని కసిరింది.